గోదాలోని పట్టు – వీధిలోని ఆపద

విధినిర్వహణలో రైల్వే, తపాలా ఉద్యోగులపై జరుగుతున్న దౌర్జన్యములను గురించి మన సమావేశములలో చర్చ వచ్చినప్పుడెల్లా ఒక సూచన తప్పక వినవస్తున్నది. "మనవాళ్ళకు జూడోయో, కరాటేయో, బాక్సింగో నేర్పించవలెను. అప్పుడు ఎవడు చేయెత్తునో చూతము!" యువసభ్యులు ఈ మాట ఉత్సాహముతో అంటున్నారు. వయస్సు మళ్ళినవారు నవ్వి ఊరుకుంటున్నారు. అధికారులు కూడ అప్పుడప్పుడు ఇదే సలహా ఇస్తున్నారు. కాని వారి సలహాకు, మనవారి సూచనకు ఉద్దేశములో భేదమున్నది. ఆ విషయమునకు తరువాత వస్తాము. ముందు అసలు ప్రశ్నకు సమాధానము వెదకుదాము. పోటీక్రీడలుగా నేర్చిన కుస్తీ, బాక్సింగు, జూడో వంటి విద్యలు నిజజీవితములో మీదికి వచ్చిన ఆపదను ఎంతవరకు తప్పించగలవు?

ఈ ప్రశ్న మనకు కాలక్షేపము కాదు. 2024 ఏప్రిల్ 2వ తేదీన కేరళలో త్రిస్సూరు సమీపమున, ఎర్నాకుళం–పాట్నా ఎక్స్‌ప్రెస్‌లో విధిలోనున్న ఒక టి.టి.ఇ. సోదరుని, టిక్కెట్టు లేని ప్రయాణికుడొకడు నడుస్తున్న బండి తలుపులోనుండి బయటకు నెట్టివేసినాడు. ఆ సోదరుడు తిరిగి ఇంటికి చేరలేదు. తలుపు దగ్గర నిలబడిన మనిషిని నెట్టుటకు బలము అక్కరలేదు, విద్య అక్కరలేదు. ఒక్క క్షణము చాలును. ఆ ఒక్క క్షణమునకు ఎదురుగా మన విద్య ఏమి చేయగలదో నిజాయితీగా అడిగి తెలిసికొనుట మన కర్తవ్యము.

బరి వేరు, పనిచోటు వేరు

పోటీక్రీడకు బరి ఉన్నది. కొలిచి గీచిన గీత, మెత్తని మట్టి లేక పరుపు, వెలుతురు, గంట, న్యాయనిర్ణేత ఉన్నవి. బరువుల ప్రకారము జతలు కట్టుదురు. ఇద్దరును ఒకే క్షణమున, ఒకే సంసిద్ధతతో కలియబడుదురు. ఓడినవాడు చేతితో తట్టినచో గెలిచినవాడు వదలివేయవలెను.

మన పనిచోటును దాని ప్రక్కన నిలిపి చూడవలసినది. రాత్రివేళ లాంతరు, పానా పట్టుకొని పట్టాల వెంట ఒంటరిగా గస్తీ తిరుగు ట్రాక్‌మన్; ఊరికి దూరముగా లెవెల్ క్రాసింగు గదిలో తెల్లవార్లు మేల్కొని ఉండు గేట్‌మన్; పింఛను సొమ్ము సంచిలో పెట్టుకొని డొంకదారిన సైకిలుపై పోవు గ్రామీణ డాక్ సేవక్; చిల్లర తగాదాతో కిటికీ అవతల గుంపుగూడిన జనమునకు ఎదురుగా బుకింగ్ క్లర్కు; కిక్కిరిసిన పెట్టెలో రెండు బెర్తుల నడుమ సందులో టి.టి.ఇ.; రాళ్ళు రువ్వు మలుపు దగ్గర ఇంజనులో లోకో పైలట్. వీరిలో ఎవరికొరకు గంట మ్రోగును? ఎవరికొరకు న్యాయనిర్ణేత అడ్డుపడును? లోకో పైలట్ ఎంతటి మల్లుడైనను ఎదురు అద్దమును చీల్చుకొని వచ్చు రాతితో కుస్తీ పట్టలేడు గదా!

ఈ విద్యలు ఇచ్చునది ఏమి?

అంతమాత్రమున ఆ విద్యలు వ్యర్థమని మేము అనము. అట్లనుట అసత్యము, అన్యాయము. సాధన చేసిన దేహమునకు, చేయని దేహమునకు నడుమ పెద్ద భేదమున్నది. ఆ భేదము ఎక్కడనున్నదో తెలిసికొనవలెను.

మొదటిది: దెబ్బ తగిలినప్పుడు బిగుసుకొనిపోకుండుట. జీవితములో ఎన్నడును ముఖముపై దెబ్బ తినని మనిషి, మొదటి దెబ్బకే నిశ్చేష్టుడగును. ఊపిరి బిగబట్టును, కండ్లు మూసికొనును, చేతులు కదలవు. బాక్సింగు నేర్చినవాడు వారమునకు మూడు దినములు అట్టి దెబ్బలను చూచినవాడు. వానికి అది క్రొత్త కాదు.

రెండవది: దూరము, నిలకడ. ఎదుటివాడు ఒక బారెడు దూరములోనికి వచ్చినాడా, వాని భుజము వెనుకకు పోయినదా, బరువు ఏ కాలిపై ఉన్నది అను సంగతులు సాధకునికి ఆలోచింపకనే తెలియును.

మూడవది: పట్టు విడిపించుకొనుట. చొక్కా పట్టినవానిని, మణికట్టు పట్టినవానిని, వెనుకనుండి నడుము పట్టినవానిని వదిలించుకొనుట కుస్తీ, జూడోలలో నిత్యము జరుగు పని.

నాలుగవది, మా అభిప్రాయములో అన్నిటికంటె విలువైనది: పడుట నేర్చుకొనుట. జూడో శాలలో మొదటి వారములన్నియు గడ్డమును రొమ్మునకు అదిమి, చేతిని నేలపై చరచి, తల తగులకుండ పడుటయే నేర్పుదురు. దొంగ ఎదురుపడని ఉద్యోగి ఉండవచ్చును గాని, జారిపడని పాయింట్స్‌మన్, సైకిలుపైనుండి పడని పోస్టుమ్యాన్ ఉండరు.

అయితే ఇవన్నియు ఒక షరతుకు లోబడి వచ్చును. ఎదుటివాడు నిజముగా ఎదిరించుచుండగా సాధన చేయవలెను. జపానులో జిగోరో కానో 1882లో కోడోకాన్ శాలను స్థాపించి జూడోను రూపొందించినప్పుడు, పాత జుజుత్సులోని ప్రమాదకరమైన దెబ్బలను స్వేచ్ఛా సాధనలోనుండి తొలగించినాడు. దానివలన విద్య బలహీనపడినదని పైకి తోచును. కాని ఫలితము తలక్రిందులైనది. ప్రమాదము తొలగినందున శిష్యులు ప్రతిదినము పూర్తి బలముతో ఒకరినొకరు ఎదిరించి సాధన చేయగలిగినారు. చేయలేని వంద ప్రాణాంతక ప్రయోగములకంటె నిజముగా చేసి చూచిన పది పట్టులు మేలని తేలినది. మన తాలింఖానాల వస్తాదులు ఈ సత్యమును ఏ గ్రంథము చదువకనే ఎరుగుదురు. కావున వరుసలో నిలబడి గాలిని గ్రుద్ది, కేకలు వేసి, పది దినములలో పత్రము పుచ్చుకొను తరగతులను నమ్మవద్దని మా మనవి. అవి విద్యను గాక ధీమాను మాత్రమే ఇచ్చును. ఆధారము లేని ధీమా నిరాయుధత్వముకంటె ప్రమాదకరము.

ఎక్కడ చాలవు?

ఇక రెండవ వైపు చూతము. 1993 నవంబరులో అమెరికాలోని డెన్వరు నగరమున బరువు తరగతులు లేకుండ జరిగిన తొలి యు.ఎఫ్.సి. పోటీలో రాయిస్ గ్రేసీ తనకంటె బరువైనవారిని నేలపై పట్టులతో ఓడించి గెలిచినాడు. పట్టువిద్య బలమును జయించగలదని లోకము చూచినది. అది నిజమే. కాని ఆ బరిలోనికి ప్రత్యర్థి స్నేహితులు ముగ్గురు దిగలేదు. ఎవని మొలలోను కత్తి లేదు. క్రింద కంకర రాళ్ళు లేవు. నేలపై పట్టు పట్టి ఒకని మెడ బిగించినవానికి రెండు చేతులును పనిలోనుండును. రెండవవాడు వచ్చి తలపై తన్నినచో కాపాడువాడెవరు?

చిన్న కత్తికి ఎదురుగా వట్టిచేతుల విద్య ఎంత బలహీనమో, నిజాయితీ గల శిక్షకుడెవడైనను మొదటి దినమే చెప్పును: దారి ఉన్నచో పరుగెత్తవలెను. ముష్టిఘాతము సంగతియు అంతే. బాక్సరు గుద్దునకు పట్టీలు, గ్లోవులు రక్షణ. వట్టి పిడికిలితో ఎదుటివాని పుర్రెపై కొట్టినచో చిటికెనవ్రేలి మొదట అరచేతిలోనుండు ఎముక విరుగుట వైద్యులకు బాగుగ తెలిసిన గాయము. ఉత్తరములు బట్వాడా చేయు చేయి, సిగ్నల్ మీట లాగు చేయి అట్లు విరిగినచో ఎన్ని నెలలు సెలవు పెట్టవలెనో మనకు తెలియనిది కాదు.

అన్నిటికంటె ముఖ్యమైన భేదము ఆరంభములో ఉన్నది. క్రీడలో పోరు ఎప్పుడు మొదలగునో ఇద్దరికి తెలియును. వీధిలో అది ఒకనికే తెలియును. చోటును, సమయమును, జనమును వాడే ఎంచుకొనును. తాడిని తన్నువాడుండగా వాని తలను తన్నువాడుండునను సామెత మన పెద్దలు ఊరక చెప్పలేదు.

2011 ఏప్రిల్‌లో జాతీయస్థాయి వాలీబాల్ క్రీడాకారిణి అరుణిమా సిన్హా లక్నోనుండి ఢిల్లీకి పద్మావత్ ఎక్స్‌ప్రెస్ జనరల్ పెట్టెలో ప్రయాణము చేస్తున్నది. బరేలీ సమీపమున మెడలోని గొలుసు కొరకు కొందరు దొంగలు మీదపడగా తాను ఎదిరించితిననియు, వారు తనను బండిలోనుండి త్రోసివేసిరనియు ఆమె చెప్పినది. రైలు క్రింద నలిగిన ఎడమకాలిని మోకాలి క్రింద తొలగించవలసి వచ్చినది. 2013 మే 21న ఆమె కృత్రిమ పాదముతో ఎవరెస్టు శిఖరమును అధిరోహించినది. ఆమె ధైర్యమునకు మేము నమస్కరిస్తున్నాము. కాని కిక్కిరిసిన ఆ పెట్టెలో ఒక్కరైనను లేచి ఆమె ప్రక్కన నిలిచిన వైనము ఆమె కథనములో లేదు. అందరును కూర్చుండిన చోట ఒక్కరి దేహబలము ఎంతవరకు పోగలదు?

చేతికంటె ముందు పనిచేయునవి

కెనడాలోని మూడు విశ్వవిద్యాలయములలో 893 మంది విద్యార్థినులపై జరిపిన ఒక పరిశోధన 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడినది. ఒక వర్గమునకు పండ్రెండు గంటల శిక్షణ ఇచ్చిరి. రెండవ వర్గమునకు కరపత్రములు మాత్రము ఇచ్చిరి. సంవత్సరము గడచునప్పటికి అత్యాచారమునకు గురియైనవారు మొదటి వర్గములో నూటికి 5.2, రెండవ వర్గములో నూటికి 9.8. పండ్రెండు గంటలలో ఎవరును మల్లయోధులు కాలేరు. మరి ఆ శిక్షణలో ఏమున్నది? ప్రమాదమును ముందుగా గుర్తించుట, పరిచయస్థుడైనను హద్దు మీరినవానికి గట్టిగా "వద్దు" అనుటలోని సంకోచమును జయించుట, ఆ తరువాత దేహముతో ప్రతిఘటించుట – ఈ మూడును కలిపి నేర్పిరి. గుర్తింపు, గొంతు, చేయి అను ఈ వరుసను మనవారు గుర్తుంచుకొనవలెను.

మన పనిలో దీని అర్థమేమి? తగాదా రేగినప్పుడు తలుపునకు వీపు పెట్టి నిలబడకుండుట; మాట పెరుగుచుండగా రెండడుగులు లోపలికి, వెలుతురులోనికి, నలుగురున్న చోటికి జరుగుట; త్రాగినవానితో పంతమునకు పోక తరువాతి స్టేషనులో రైల్వే రక్షణదళమునకు అప్పగించుట; 139, 112 నెంబర్లకు చేయవలసిన పిలుపును అహంకారము అడ్డుకొనకుండ చూచుకొనుట; సొమ్ముతో పోవు దారిని, వేళను పదిమంది వినగా చెప్పకుండుట. సంచి పోయినచో విచారణ వచ్చును. ప్రాణము పోయినచో విచారణకు నిలువ మనిషియే ఉండడు. ఇంతెందుకు, బట్వాడాలో నీకు శత్రువెవరని పోస్టుమ్యాన్‌ను అడిగి చూడుడు. అతడు మొదట కుక్కపేరే చెప్పును. దానిపై ఏ జూడో పట్టును పనిచేయదు. వెన్ను చూపి పరుగెత్తక, సంచిని అడ్డుపెట్టి మెల్లగా వెనుకకు జరుగు ఉపాయమును అతడు ఏ శాలలోను నేర్వలేదు. సాటి ఉద్యోగులనుండి నేర్చినాడు.

చట్టము చెప్పునది

ఆత్మరక్షణ మన హక్కు. 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 34నుండి 44వరకు గల సెక్షన్లు ఈ హక్కును తెలుపుచున్నవి. ఆపద కలుగునను సహేతుకమైన భయము పుట్టినప్పుడు హక్కు మొదలగును; ఆ భయము తొలగినప్పుడు ముగియును. రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేయరాదు. అధికారుల సహాయము పొందుటకు వ్యవధి ఉన్నచో ఈ హక్కు లేదు. అనగా పారిపోవువానిని వెంటాడి కొట్టినచో అది రక్షణ కాదు, నేరము.

క్రీడలో ఆరితేరినవానికి ఇక్కడనే చిక్కు. గంట మ్రోగువరకు ఆగవద్దని అతని దేహమునకు నేర్పినారు. పెట్టెలో పదిమంది చేతులలో పది ఫోనులున్నవి. ప్రయాణికుడు మొదట కొట్టిన దెబ్బ ఆ చిత్రములలో పడకపోవచ్చును; ఉద్యోగి తిరిగి కొట్టిన దెబ్బ తప్పక పడును. మరునాడు సస్పెన్షన్ ఉత్తరువు, ఆపై ఛార్జిషీటు. కావున పట్టి ఆపుట, విడిపించుకొని తొలగుట అను విద్యలు కొట్టు విద్యలకంటె యూనిఫారములోనున్నవానికి మేలు. ఈ కారణమున బాక్సింగుకంటె కుస్తీ, జూడో మనవారికి ఎక్కువ తగినవని మా అభిప్రాయము. విధినిర్వహణను అడ్డగించు ఉద్దేశముతో ప్రభుత్వోద్యోగిపై చేయిచేసికొనినవానికి ఆ సంహితలోని 132వ సెక్షను ప్రకారము రెండేండ్లవరకు శిక్ష ఉన్నది. ఫిర్యాదు వ్రాయించుట కూడ ఆత్మరక్షణలో భాగమే.

పట్టుకు అందని ప్రత్యర్థి

ఇంకొక రకపు దౌర్జన్యమున్నది. అది చీకటిలో ఎదురుపడదు. బల్ల వెనుక కూర్చుండును. 2016 రియో ఒలింపిక్స్‌లో కంచుపతకము తెచ్చిన సాక్షీ మాలిక్ మన రైల్వే ఉద్యోగిని. వినేశ్ ఫోగాట్, బజరంగ్ పునియాలు కూడ అప్పుడు రైల్వే ఉద్యోగులే. దేశములో వీరిని మించి పట్టు ఎరిగినవారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. 2023లో వారు కుస్తీ సమాఖ్య అప్పటి అధ్యక్షునిపై లైంగిక వేధింపుల ఆరోపణలు చేసి, ఢిల్లీలోని జంతర్‌మంతర్ వద్ద బైఠాయించవలసి వచ్చినది. మే 28న పోలీసులు వారిని ఈడ్చి వాహనములలోనికి ఎక్కించుటను దేశమంతయు చూచినది. ఆయన ఆరోపణలను నిరాకరించినాడు. 2024 మేలో ఢిల్లీ న్యాయస్థానము అభియోగములు నమోదు చేసినది. తీర్పు చెప్పవలసినది న్యాయస్థానమే. మేము ఇక్కడ చెప్పదలచినది వేరు. ఒలింపిక్ పతకము తెచ్చిన పట్టు కూడ అధికారమునకు ఎదురుగా అక్కరకు రాలేదు. అక్కరకు వచ్చినది పదిమంది కలిసి కూర్చుండుట. మన మహిళా సభ్యులకు "కరాటే నేర్చుకొనుడు" అని ఉచిత సలహా ఇచ్చు అధికారులు, 2013 చట్టము ప్రకారము తమ కార్యాలయములో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉన్నదో లేదో, ఉన్నచో అది ఎన్నిమారులు కూర్చున్నదో ముందు చెప్పవలెను.

మేము కోరునది

ఇప్పుడు మొదట చెప్పిన భేదము దగ్గరకు వస్తాము. మనవారు శిక్షణ కోరునప్పుడు అది ఇతర రక్షణలకు తోడుగా కోరుచున్నారు. యాజమాన్యము శిక్షణ అనునప్పుడు అది ఇతర రక్షణలకు బదులుగా అనుచున్నది. పది దినముల కరాటే తరగతి చౌక. రాత్రి గస్తీకి రెండవ మనిషిని వేయుట ఖర్చు. దాడి జరిగిన తరువాత "నీకు శిక్షణ ఇచ్చితిమి గదా, ఎందుకు కాపాడుకొనలేదు?" అని బాధితునే అడుగు దినము రాకూడదు. కావున మేము కోరుచున్నది ఇది:

1. రాత్రి గస్తీకి, సొమ్ముతో పోవు బట్వాడాకు ఒంటరిగా పంపు పద్ధతిని మానవలెను. శిక్షణను ఖాళీల భర్తీకి బదులుగా చూపరాదు.

2. శిక్షణ విధికాలములోనే జరుగవలెను. విశ్రాంతి దినమును కోసి కాదు. శిక్షణలో తగిలిన గాయమును విధిలో తగిలిన గాయముగా పరిగణింపవలెను.

3. రైల్వే ఇన్‌స్టిట్యూటులలో వ్యాయామశాలలను నడుపవలెను. రైల్వే జట్లలోనున్న మల్లులను, జూడో క్రీడాకారులను పోటీల నడుమ శిక్షకులుగా వినియోగింపవలెను. పడుట, విడిపించుకొనుట, ఆపుట ముందుగా నేర్పవలెను.

4. ఆత్మరక్షణకై ప్రతిఘటించిన ఉద్యోగిని, పూర్తి విచారణ లేకుండ ఫోను చిత్రమును మాత్రము చూచి సస్పెండు చేయరాదు.

5. లెవెల్ క్రాసింగులు, యార్డులు, ఆర్.ఎం.ఎస్. కార్యాలయములవద్ద వెలుతురు, వెంటనే పలుకు ఫోను ఉండవలెను.

"ఇది సంఘము ప్రతిదానిని ప్రభుత్వముపై నెట్టుట గాదా, మనిషి తన్ను తాను కాపాడుకొనవద్దా?" అని కొందరు మిత్రులు అడుగవచ్చును. కాపాడుకొనవలసినదే. శరీరమును దృఢపరచుకొనుట ప్రతి కార్మికుని ధర్మము. మన పిల్లలు, ముఖ్యముగా ఆడపిల్లలు, గోదాలోనికి దిగుటను మేము మనస్ఫూర్తిగా కోరుచున్నాము. కాని ఒక్కొక్కరి కండబలము కూడ, వెనుక పదిమంది ఉన్నప్పుడే రాణించునని చరిత్ర చెప్పుచున్నది. 1913లో లండనులో ఓటుహక్కు కొరకు పోరాడుచున్న స్త్రీలకు ఈడిత్ గారడ్ అను చిన్నపాటి స్త్రీ జుజుత్సు నేర్పినది. తమ నాయకురాలు ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్‌ను పోలీసులు పట్టుకొనిపోకుండ కాపాడుటకు సుమారు ముప్పదిమంది కలిసి నిలిచిరి. వారిలో ఏ ఒక్కతెయు ఒంటరిగా పోలీసు పటాలమును ఎదిరింపలేదు. విద్యకు జట్టు తోడైనది, జట్టునకు లక్ష్యము తోడైనది.

కడపట మన తపాలా పూర్వికులనే తలచుకొందము. సంచి మోసిన హర్కారా చేతిలో గజ్జెలు కట్టిన బల్లెము ఉండెడిది. అయినను అడవిదారిలో కంపెనీవారు సైతము ఆ బల్లెమును నమ్మి అతనిని ఒంటరిగా పంపలేదు. వెలుతురునకు కాగడా పట్టువాడు, మృగములను బెదరించుటకు డప్పు వాయించువాడు వెంట నడిచెడివారు. చేతిలోని బల్లెము, ప్రక్కన కాగడా, వెంట మనిషి – ఈ మూడును కలిసిననే రక్షణ. నేడు బల్లెము మాత్రము చేతికిచ్చి, కాగడాను ఆర్పివేసి, వెంట మనిషిని తొలగింతుమనువారికి మన సమాధానము ఒక్కటే: బల్లెము పట్టుట నేర్చుకొందుము, కాని తక్కిన రెండును మాకు రావలసినవే.